మానియోటోటో రై విస్కీలో నేను పట్టిన కర్పూరం వాసన

న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో నెలకోసారి ఓ పదిహేను మంది కలిసి విస్కీలు రుచి చూసే బృందం ఒకటుంది. ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే ఈ దేశపు కివీ స్నేహితుడు నన్ను అందులో చేర్పించి నాలుగేళ్ళయింది. మొదట్లో ఒక మూల కూర్చుని వినేవాణ్ణి. పోనుపోను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ‘ఎండు ద్రాక్ష, పాత తోలు, చివర్లో కాస్త పొగ’ అనడం నాకూ పట్టుబడింది. అలా అన్నప్పుడు చుట్టూ నలుగురూ తలలూపుతుంటే ఉండే సంతోషం తాగినదానికంటే ఎక్కువ కిక్కు ఇచ్చేది. ఈ మార్చిలో ఆ బృందానికి ఒక ఈమెయిల్ వచ్చింది. దక్షిణ దీవిలో, సెంట్రల్ ఒటాగో ప్రాంతంలో ఒక రైతు దంపతులు తమ పొలంలో పండిన, గోధుమకు దగ్గరి చుట్టమైన రై ధాన్యంతోనే విస్కీ కాస్తున్నారట. మూడేళ్ళ శ్రమ తర్వాత మొదటి పీపా తెరిచే సమయం వచ్చిందట. ‘మాకు మొహమాటానికి బాగుందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, తెలిసి చెప్పేవాళ్ళు ఒక్కరు వస్తే చాలు’ అని రాశారు. నేను వెళ్తానని అందరికంటే ముందు జవాబిచ్చాను. అప్పటికి నేను రై విస్కీ రుచి చూసింది మహా అయితే మూడుసార్లు.

నా భార్య సునీత విస్కీ తాగదు, ఆ వాసన కూడా ఆవిడకు పెద్దగా ఇష్టం లేదు. కానీ నేను రుచి చూశాక కారు నడపడానికి ఎవరో ఒకరు కావాలి, పైగా ఆవిడ దక్షిణ దీవి ఎప్పుడూ చూడలేదు. ఏప్రిల్‌లో ఒక వారాంతం ఖాయం చేసుకున్నాం. శనివారం పొద్దున్నే ఆక్లాండ్ శివారు ఫ్లాట్ బుష్‌లోని ఇంటినుంచి బయల్దేరి, డునెడిన్ విమానం ఎక్కాం. రెండు గంటల లోపు ప్రయాణం. కాస్త ముందుగా బుక్ చేసుకుంటే మనిషికి వంద డాలర్ల దరిదాపుల్లో దొరుకుతుంది. ఎయిర్‌పోర్టులోనే చిన్న కారు అద్దెకు తీసుకున్నాం, రోజుకు అరవై డాలర్లు. డునెడిన్ ఊళ్ళోకి వెళ్ళనక్కర్లేదు. ఎయిర్‌పోర్టు నుంచి ఔట్రమ్ వైపు వెళ్ళి స్టేట్ హైవే 87 పట్టుకుంటే మిడిల్‌మార్చ్, హైడ్ దాటి తిన్నగా మానియోటోటో మైదానంలోకి దిగుతాం. ఆగకుండా వెళ్తే రెండు గంటల దారి. ఔట్రమ్ దాటాక కొండ ఎక్కే మలుపులు మాత్రం కడుపులో తిప్పే రకం. ఆ పైకెక్కాక గోధుమరంగు గడ్డి కప్పుకున్న గుట్టలు, వాటిమధ్య ఎవరో పేర్చి వదిలేసినట్టుండే నల్లటి రాళ్ళు, కనుచూపు మేర మనిషి జాడ ఉండదు.

మలుపుల్లో నడిపింది నేనే. మిడిల్‌మార్చ్ చేరేసరికి తల పగిలిపోతోంది. అక్కడ ఒక చిన్న కేఫ్ దగ్గర ఆగి, నాకు మాంసం కూరిన పేస్ట్రీ, సునీతకు చీజ్ స్కోన్ బన్ను, ఇద్దరికీ కాఫీ తీసుకున్నాం. పాతిక డాలర్లలో ఇద్దరి టిఫినూ అయిపోయింది. కౌంటర్ వెనకున్న ఆవిడ డబ్బులు తీసుకుంటూ, ఎక్కడికి వెళ్తున్నారని అడిగింది. చెప్పాను.

“ఓ, ఆక్లాండ్ నుంచి వస్తున్న ఎక్స్‌పర్ట్ నువ్వేనా? మా తమ్ముడి పొలం వాళ్ళ పక్కదే. లొరెయిన్ రెండు వారాలుగా నీ గురించే చెబుతోంది” అందావిడ. లొరెయిన్ అంటే మాకు ఈమెయిల్ రాసిన రైతు దంపతుల్లో ఆవిడ.

ఎక్స్‌పర్ట్ కాదండీ అనాల్సింది. నవ్వి ఊరుకున్నాను. కారు దగ్గరకొచ్చాక సునీత బ్యాగులోంచి తలనొప్పి బామ్ డబ్బా తీసిచ్చింది. ఇండియా నుంచి ఎవరు వచ్చినా తెప్పించుకునే రకం, పసుపుపచ్చగా, ఘాటుగా ఉంటుంది. కణతలకు గట్టిగా రుద్దుకున్నాను. ముక్కు పట్టేసినట్టుందని ముక్కుకింద కూడా రాసుకున్నాను. మిగతా దారి సునీత నడిపింది. రాన్‌ఫర్లీ చేరేలోపు నొప్పి తగ్గింది, ఆ బామ్ సంగతే మర్చిపోయాను.

పొలం రాన్‌ఫర్లీ నుంచి ఇరవై నిమిషాలు, చివరి భాగమంతా కంకర రోడ్డు. కంకర రోడ్ల మీద తమ కార్లు నడపనివ్వని అద్దె కంపెనీలు కూడా ఉన్నాయి కాబట్టి సంతకం పెట్టేముందే అడగండి. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు కావస్తోంది. లొరెయిన్, గ్రేమ్ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. పేర్లు మార్చి రాస్తున్నాను. ఇద్దరూ అరవై దాటినవాళ్ళు. గ్రేమ్ గొర్రెలు పెంచుతాడు, రై పండిస్తాడు, మాట తక్కువ. విస్కీ కాచేది లొరెయిన్. చాలా ఏళ్ళు ఆ ప్రాంతంలో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక ఈ పనిలో దిగింది. పొలం అంచున రేకుల షెడ్డులో ఆవిడ రాగి బట్టీ, పులియబెట్టే తొట్లు, గోడవారగా పీపాలు ఉన్నాయి.

“ఈ నేలలో రై తప్ప ఏదీ మొండిగా నిలబడదు. చలికి చావదు, ఎండకి చావదు. ఇన్నేళ్ళూ గొర్రెలకే వేశాం. వాటికంటే మనుషులు మెచ్చుకుంటారేమో చూద్దామని” అంది నవ్వుతూ.

షెడ్డులో నాలుగైదు కుటుంబాలవాళ్ళు చేరి ఉన్నారు. వాళ్ళలో వేన్ ముఖ్యుడు. మేం ఆ రాత్రి బస చేయబోయే పబ్ అతనిదే, గదికి తొంభై డాలర్లు. మొదటి పీపా బాగుంటే తన బార్‌లో పెట్టి అమ్మడమే కాక, క్వీన్స్‌టౌన్‌లో హోటళ్ళు నడిపే తన అన్నయ్యకు కూడా సిఫారసు చేస్తానని లొరెయిన్‌కు మాటిచ్చాడట. ఆ సంగతి ఆవిడే నాకు చెవిలో చెప్పింది, చేతులు తుడుచుకుంటూ.

పీపాలోంచి పొడుగాటి గొట్టంతో తీసి మొదటి గ్లాసు నాకే ఇచ్చింది. ఎండలో చూస్తే పాత తేనె రంగు. అందరూ మాటలాపేశారు. నేను గ్లాసుని రెండు అరచేతుల్లో పట్టుకుని వెచ్చబరిచాను, మా బృందంలో చేసినట్టే. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. గుప్పుమని కర్పూరం, నీలగిరి తైలం. ఆ వెనక విస్కీ ఎక్కడో దూరంగా ఉంది. మళ్ళీ చూశాను. అదే. ఒక్క క్షణం ఆశ్చర్యపోయాను కానీ, ఆ వెంటనే కలిగింది మాత్రం సంతోషం. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంత స్పష్టంగా దోషం పట్టేశానన్న సంతోషం.

“ఇందులో ఏదో మందు వాసన కలిసింది. కర్పూరంలాంటిది. ధాన్యంలోంచి వచ్చేది కాదిది. పీపాలోంచో, ఈ షెడ్డులోంచో పట్టింది” అన్నాను.

లొరెయిన్ ముఖంలో రంగు పోయింది. భర్త వైపు తిరిగింది. “చెప్పానా నీకు? ఈ షెడ్డులో వద్దు, ఇన్నేళ్ళు గొర్రెల మందులు పెట్టిన చోటు అని చెప్పానా?”

“మూడుసార్లు కడిగాను. గోడలకి సున్నం కూడా వేశాను” అన్నాడు గ్రేమ్.

“కడిగితే పోతుందన్నావు. పోలేదు.”

మిగతావాళ్ళూ తలో గ్లాసు తీసుకుని వాసన చూశారు. వేన్ చాలాసేపు చూసి, “నాకేం తెలియట్లేదు. కానీ నలభై ఏళ్ళుగా సిగరెట్లు కాల్చిన ముక్కు నాది” అన్నాడు. ఇంకొకాయన ముందు తల అడ్డంగా ఊపి, నా ముఖం చూసి, “ఆఁ, ఉన్నట్టే ఉంది” అన్నాడు. సునీత లొరెయిన్ ఇచ్చిన గ్లాసు పక్కనపెట్టబోతూ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంది. నా పక్కకొచ్చి తెలుగులో మెల్లిగా అంది.

“ఏవండీ, ఇందులో నాకేం కర్పూరం స్మెల్ రావట్లేదే. మిరియాల్లాగా ఉంది. ఇంకోసారి చూడకూడదూ?”

“నీకేం తెలుసని మాట్లాడతావు? ఊరుకో” అన్నాను.

ఆవిడ గ్లాసు పక్కన పెట్టేసింది. నేను ఇంకో రెండు నిమిషాలు అందరికీ వినబడేలా చెప్పాను, కలప ఎలా వాసనలు పీల్చుకుంటుందో, ఒకసారి పీల్చుకున్నది ఎందుకు వదలదో. అందులో చాలా భాగం ఎక్కడో చదివింది. వేన్ తన టోపీ తీసుకున్నాడు. “ఇంకో పీపా అయ్యాక చూద్దాంలే, లొరెయిన్. మా అన్నయ్యకి ఇప్పుడే ఏమీ చెప్పను” అన్నాడు, పాపం ఎంతో మర్యాదగానే. ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. లొరెయిన్ అందరికోసం చేసిన కేకు ముక్కలు కోసినవి కోసినట్టే ఉన్నాయి.

తిరుగుదారిలో సునీతే నడిపింది. కంకర రోడ్డు దుమ్ము లోపలికి రాకుండా అద్దాలు ఎత్తేసింది. గొర్రెల మంద ఒకటి అడ్డం వస్తే కారు ఆపింది. ఆపి, నా వైపు చూసింది.

“ఇప్పుడు కార్లో కూడా కర్పూరం స్మెల్ వస్తోంది కదా?”

వస్తోంది. నా చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గ్లాసుని వెచ్చబరిచిన చేతులవి. పై పెదవి మీద ఇంకా జిడ్డుగా తగులుతోంది.

“బామ్” అన్నాను.

“అవును. బామ్.”

గొర్రెలు దాటిపోయినా ఆవిడ కారు కదిలించలేదు. నాకు తోచిన మొదటి మాట ఏమిటంటే, “రూమ్‌కి వెళ్దాం. ఆక్లాండ్ వెళ్ళాక నీట్‌గా ఒక మెయిల్ రాసేస్తాను.”

“ఈలోపు వాళ్ళు పారబోసేస్తే?” అంది సునీత. “ఆవిడ ఫేస్ చూశారా మీరు? వెనక్కి తిప్పుతున్నాను. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“నేనే చెప్తాను” అన్నాను. అనడం అన్నాను కానీ, ఆ కొద్దిపాటి దూరం ఇంకా పొడుగుంటే బాగుండుననిపించింది.

మేం వెళ్ళేసరికి గ్రేమ్ షెడ్డు బయట గడ్డి మీద నిలబడి, అతిథులకు ఇద్దామని నింపిపెట్టిన చిన్న సీసాలు ఒక్కొక్కటే మూత తీసి ఒంపేస్తున్నాడు. పీపా జోలికి ఇంకా పోలేదు. లొరెయిన్ లోపల ఒక బల్ల మీద కూర్చుని ఉంది. ఏడ్చినట్టు తెలుస్తోంది. నేను గుమ్మంలోనే నిలబడి చెప్పాను. తలనొప్పి, మలుపులు, బామ్, చేతులు, ముక్కు. మధ్యలో రెండుసార్లు నా ఇంగ్లీషు తడబడింది. వాసన మీ విస్కీలో లేదు, నా మీద ఉంది అన్నాను.

సునీత డబ్బా తీసి లొరెయిన్‌కిచ్చింది. ఆవిడ మూత తీసి వాసన చూసి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. గ్రేమ్ నవ్వలేదు. చేతిలో ఉన్న సీసాకి మళ్ళీ మూత బిగించి, నా పక్కనుంచి నడిచి వెళ్ళి దాన్ని అరలో పెట్టి, కుక్కని పిలుచుకుని పొలంలోకి వెళ్ళిపోయాడు. అతను అలా వెళ్ళడం చూశాక లొరెయిన్ నవ్వు కూడా ఆగిపోయింది.

“నువ్వొచ్చి చెప్పావు, థాంక్యూ” అంది. “కానీ వేన్ ఈపాటికి సగం ఊరికి చెప్పేసి ఉంటాడు. ఇంకో మాట. నీ భార్యతో నువ్వేమన్నావో నాకు తెలియదు, మీ భాష నాకు రాదు. కానీ అన్న తీరు అర్థమైంది. ఆవిడ సరిగ్గానే చెప్పింది కదా?”

అవునన్నాను. సునీత ముఖం చూడలేకపోయాను.

పబ్‌లో శనివారం సాయంత్రం జనం బాగా ఉంటారు. వేన్ బార్ వెనక గ్లాసులు తుడుస్తున్నాడు. పక్కకి పిలిచి చెబుదామనుకున్నాను. కానీ మధ్యాహ్నం నేను చెప్పింది అందరి ముందు. అందుకని బార్ ముందు నిలబడి, మామూలు గొంతుతోనే, పక్కన ఉన్నవాళ్ళకి వినబడేలా చెప్పాను. పబ్ మొత్తం విరగబడి నవ్వింది. వెనక బల్ల దగ్గర ఒకాయన, “ఎక్స్‌పర్ట్‌కి ఒక బీర్ పోయండి, ముందు చేతులు కడుక్కోమనండి!” అని అరిచాడు. వేన్ కూడా నవ్వాడు కానీ, వెంటనే లాండ్‌లైన్ ఫోన్ అందుకుని లొరెయిన్ నంబరు తిప్పాడు. రేపు పొద్దున్న వస్తాను, మళ్ళీ రుచి చూపించు అన్నాడు. నేను బీర్ తాగలేదు. గదిలోకి వెళ్ళాక సునీతకి సారీ చెప్పాను.

“మీరు తప్పు స్మెల్ పట్టారని కాదండీ నా బాధ” అంది ఆవిడ. “నన్ను మీరు అలా ఎప్పుడూ అనరు. అక్కడ అంతమంది చూస్తున్నారని అన్నారు.”

లేచి వెళ్ళి చేతులు మళ్ళీ కడుక్కున్నాను.

ఆదివారం పొద్దున గడ్డి మీద మంచు పొడిలా పేరుకుని ఉంది. స్నానం చేసి, చేతులు వాసన లేని సబ్బుతో తోముకుని, ఉతికిన చొక్కా వేసుకుని, కాఫీ కూడా తాగకుండా వెళ్ళాను. షెడ్డులో వేన్, లొరెయిన్, దూరంగా గుమ్మానికి ఆనుకుని గ్రేమ్. ఈసారి లొరెయిన్ గ్లాసు ముందు సునీతకిచ్చింది. ఆవిడ వాసన చూసి, “మిరియాలు, ఇంకా మాడీమాడని రొట్టె అంచు” అని ఇంగ్లీషులో చెప్పి నాకందించింది. సరిగ్గా అంతే. ముందు మిరియం ఘాటు, తర్వాత ఎండుగడ్డి, రై రొట్టె. నోట్లో పెట్టుకుంటే మొదట్లో తీయగా, మధ్యలో లవంగంలా. కానీ ఆ తర్వాత పచ్చి ధాన్యపు వగరు ఒకటి నాలుక మీద నిలిచింది. మింగాక మంట తప్ప ఏమీ మిగల్లేదు. బాగా వచ్చిన సరుకే, కానీ ఇంకా పసిది.

అది చెప్పాలి. కానీ నాకు లొరెయిన్ నిన్నటి ముఖం గుర్తొచ్చింది. వేన్ పక్కనే ఉన్నాడు. “అద్భుతంగా ఉంది. ఇవాళే సీసాల్లో పోయొచ్చు. ఆక్లాండ్‌లో ఇంతకంటే మంచి రై నేను తాగలేదు” అన్నాను.

లొరెయిన్ నా వైపు చాలాసేపు చూసింది. “నిన్న నువ్వు పొరబడ్డావు, కానీ అబద్ధం చెప్పలేదు. ఇవాళ చెబుతున్నావు” అంది.

నా చెవులు వేడెక్కిపోయాయి. రెండు రోజుల్లో రెండోసారి అదే మనిషి ముందు, అదే షెడ్డులో. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు భాగం చాలా బాగుంది, వెనక పచ్చిదనం ఉంది, ముగింపు తొందరగా ఆరిపోతోంది, ఇంకో రెండు చలికాలాలు పీపాలోనే ఉంచితే బాగుంటుందని నాకనిపిస్తోంది, అయితే రై గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. చివరి ముక్క చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది.

“నాకూ అలాగే అనిపించింది” అంది లొరెయిన్. “ఇంకా ఉంచుదామని నేను, ఇప్పుడే తీద్దామని గ్రేమ్. ఎవరైనా చెబితే బాగుండుననే పిలిచాను.” గ్రేమ్ గుమ్మం దగ్గరనుంచి కదిలి వచ్చి పీపా బిరడా తిరిగి బిగించాడు. రెండు పిడికిలి దెబ్బలు వేసి, “సరే, రెండు చలికాలాలు” అన్నాడు. ఆ రెండు రోజుల్లో అతను నాకు వినబడేలా అన్న ఆఖరి మాట అదే. వేన్ మాత్రం ఈలోపు తన బార్‌లో ఊరివాళ్ళ కోసం నాలుగు సీసాలు కావాలని పట్టుబట్టాడు, పచ్చిగా ఉన్నా సరేనని. బయల్దేరేటప్పుడు లొరెయిన్ అదే రైతో చేసిన రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి సునీత చేతికిచ్చింది. నాకు చేయి కలిపింది.

ఈ సంగతి మా బృందానికి పూసగుచ్చినట్టు రాశాను. కొందరు నవ్వుతూ జవాబులిచ్చారు, ఇద్దరు తమ అనుభవాలు కూడా చెప్పుకున్నారు. కానీ నాకు ఇంకా నవ్వు రావట్లేదు. బామ్ ఎవరైనా రాసుకుంటారు. దోషం పట్టానని నేను సంతోషించిన ఆ క్షణంలో నా ఎదురుగా ఒక మనిషి మూడేళ్ళ కష్టం ఉంది, పక్కన నా మేలు కోరి ఒక్క మాట చెప్పిన నా మనిషి ఉంది. నాకు ఇద్దరూ కనబడలేదు, నా గొంతు మాత్రమే వినబడింది. మర్నాడు తప్పు దిద్దుకుంటున్నాననుకుని చెప్పిన పొగడ్త కూడా నా సిగ్గు దాచుకోవడానికే, ఆవిడ కోసం కాదు. తిరుగు విమానంలో సునీత కిటికీ పక్కన కూర్చుని, ఆ రొట్టె అంచు తుంచి నాకు పెట్టింది. ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను. ఇంకేమీ కలపలేదు.

ఇలాంటి చిన్న డిస్టిలరీలకు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. రుచి చూసిన రోజున తీర్పు చెప్పకండి. డబ్బులిచ్చి ఒక చిన్న సీసాలో కాస్త అడిగి తీసుకోండి, మర్నాడు బసలో తీరిగ్గా మళ్ళీ చూడండి, ఆ తర్వాత ఫోన్ చేసి మీకు నిజంగా అనిపించింది చెప్పండి. రాన్‌ఫర్లీ చుట్టుపక్కల మొబైల్ సిగ్నల్ సరిగా ఉండదు, బయల్దేరేముందే వాళ్ళ ఇంటి ఫోన్ నంబరు రాసుకోండి.